డబ్బా మీద ఏ అంకె వేయాలి?

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు సూర్యాపేటలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద ఇన్ని మెగాహెర్ట్జ్ అని వేస్తరు గదా. ఆ అంకె ఎట్ల తేలుస్తరు?"

లెక్క కట్టి తేలుస్తారని వాళ్ల నమ్మకం. కాలేజీలో అలాగే చెప్పి పంపుతారు మరి. లెక్క సగమే, మిగతా సగం పోట్లాట. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ పోట్లాటలోనే గడిచింది. అందుకు నాకేమీ విచారం లేదు. ఎక్కువసార్లు నేనే గెలిచాను.

నాకెప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయబోవడం లేదు. అవి మీకు పనికిరావు. ఒక్క కార్డు కథ చెబుతాను. హైదరాబాద్‌లో కార్డులు పరీక్షించే మా ల్యాబ్ ఉంటుందా, మూతపడుతుందా అన్న చోటికి తెచ్చిన కార్డు అది. ఈ పనిలో నేర్చుకోవలసినదంతా దాదాపుగా ఆ కథలోనే ఉంది.

అంకె పుట్టేది ఇలా

ముందు పని సంగతి. గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్ తెర మీద బొమ్మలు నడిపే బోర్డు, దానికి ప్రాణం చిప్. మేము చిప్ తయారు చేయం. చిప్ చేసే పెద్ద కంపెనీ వేరే ఉంటుంది. మాలాంటి కంపెనీలు ఆ చిప్ కొని, బోర్డు మీద పెట్టి, కరెంటు అందే ఏర్పాటు చేసి, పైన ఫ్యాన్లు బిగించి తమ పేరుతో అమ్ముతాయి. "ఇది కనీసం ఇంత వేగంతో నడుస్తుంది" అని చిప్ వాళ్లు ఒక అంకె ఇస్తారు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలా, కాస్త పెంచాలా అన్నది మా ఇష్టం. పెంచితే షాపులో గొప్ప, తేడా వస్తే మాకే తిప్పలు.

ఆ వేగమంటే ఏమిటని మా అమ్మ ఒకసారి అడిగింది. కోలాటంలో తాళం లాంటిదని చెప్పాను. తాళం వేగం పెరిగే కొద్దీ ఆట రక్తి కడుతుంది. పెంచుతూనే పోతే ఎక్కడో ఒక దగ్గర ఎవరో ఒకరు కర్ర తప్పుతారు, ఆట ఆగిపోతుంది. చిప్‌లో కోట్ల మంది ఒకే తాళానికి ఆడుతుంటారు. ఒక్కరు తప్పినా తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది.

ఇంకో చిక్కుంది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజున పుట్టిన చిప్‌లు కూడా ఒకలా ఉండవు. మిర్యాలగూడ మిల్లులో ఒకే పొలం వడ్లు ఆడించినా నిండు గింజ వేరుగా, నూక వేరుగా వస్తుంది కదా, అలాగే. కొన్ని చిప్‌లు ఎంత పెంచినా తట్టుకుంటాయి, కొన్ని కొంచెం పెంచితేనే చేతులెత్తేస్తాయి. వేడికి ఒకలా, చలికి ఒకలా ఉంటాయి. ఏళ్లు వాడాక ఇంకాస్త మందగిస్తాయి. వీటన్నిటికీ కలిపి కొంత జాగా వదిలి అంకె వేయాలి. ఎంత వదలాలన్నదే అసలు విద్య. ఎక్కువ వదిలితే పక్క కంపెనీ ముందుకు పోతుంది, తక్కువ వదిలితే కార్డులు తిరిగి మన గుమ్మానికే వస్తాయి.

నా మొదటి బాస్ శేషగిరి గారు దీన్ని ఒక్క మాటలో చెప్పేవారు. "అంకె వేసే ముందు బలహీనమైన చిప్‌ని అడుగు. బలమైనదాన్ని అడిగితే గొప్పలు చెబుతుంది." ఆయనకు కోపం ఎక్కువ, మాట తక్కువ. ఆయన దగ్గర పనిచేసిన వాళ్లమంతా ఇప్పటికీ కొత్త కార్డులు చేతికి రాగానే వాటిలో అన్నిటికంటే నీరసమైన చిప్ ఏదని వెతుకుతాం.

కోదాడ ప్రసాదరావు గారు

నేను పోట్లాడిన మనిషి పేరు ప్రసాదరావు. మా కంపెనీలో అమ్మకాలకు పెద్ద. కోదాడ ఆయనది, చివ్వెంల దగ్గరి పల్లె నాది. అంటే ఇద్దరిదీ ఒకే విజయవాడ రోడ్డు. అయినా ఒక్క విషయంలోనూ మాకు పొంతన కుదిరేది కాదు.

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. అమ్మకాల వాళ్లను శత్రువుల్లా చూసే ఇంజనీర్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అది తెలివితక్కువతనం. డబ్బా మీద అంకె చూసి కొనే మనిషి ముందు నిలబడేది వాళ్లు, మనం కాదు.

మా కొత్త కార్డుకు నేను ఇరవై అయిదు వందల మెగాహెర్ట్జ్ చాలన్నాను. ఆయన ఇరవై ఆరు వందలు కావాలన్నాడు.

"చూడండి వరలక్ష్మి గారూ, పక్కవాడు ఇరవై ఆరు వందలు వేసుకుని కూర్చున్నాడు. మనం వంద తక్కువేసి షాపులో ఏం చెప్పమంటారు? మా మేడం గారికి భయమండీ అని చెప్పమంటారా?"

"ఆగిపోయే కార్డు అమ్మినంక ఏం చెప్తరో అది గూడ ఇప్పుడే ఆలోచించుకోన్రి," అన్నాను. కోపం వస్తే నా నోట ఆఫీసు భాష రాదు.

ఇరవై ఆరు వందలకు కార్డు మా పరీక్షలన్నీ పాసయింది. కాబట్టి ఆయన మాటే నెగ్గింది. ఆ పరీక్షల్లో పెద్దది మేము "మే నెల" అని పిలుచుకునే వేడి గది. మన నల్లగొండ ఎండలకు తట్టుకోవాలని పట్టుబట్టి కట్టించుకున్న గది అది. అందులో కార్డు పెట్టి, గట్టి కంప్యూటర్ ఆటొకటి ఆగకుండా ఆడించి, బతికి బయటపడితేనే ముద్ర వేసేవాళ్లం. వేరే దేశాల్లో ఉన్న మా కంపెనీ ల్యాబ్‌లలో ఇంత వేడి గది లేదని మాకు గర్వంగా ఉండేది. ఎండలో పెరిగిన వాళ్లం. యంత్రానికైనా మనిషికైనా ఎండ ఒక్కటే శత్రువని మా గట్టి నమ్మకం.

మొదటి విడత సరుకు, అంటే మొదటి లాటు, బయటికి వెళ్లింది. కొద్ది రోజులకే ఫిర్యాదులు మొదలయ్యాయి. పని మధ్యలో తెర బిగుసుకుపోతోందని కార్డులు వెనక్కి వస్తున్నాయి. ఎక్కువగా వచ్చింది మిర్యాలగూడ షాపుల నుంచే.

బెంగళూరులో ఉండే మా పెద్ద బాస్ మీనన్ గారు ఫోన్‌లో మా ఇద్దరినీ కలిపి మాట్లాడారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "రెండో లాటు వెళ్లేలోపు కారణం చెప్పండి. చెప్పలేకపోతే ఇక ఈ పరీక్షలు ఫ్యాక్టరీ వాళ్లే చేసుకుంటారు. హైదరాబాద్ ల్యాబ్ ఎందుకు అని నన్ను పైవాళ్లు అడుగుతున్నారు," అన్నారు.

ఆ ల్యాబ్‌ను బల్లలు వేసుకోవడం దగ్గర నుంచి కట్టుకున్నది మేము. నేనైతే రిటైర్ కాబోతున్నదాన్ని. నా కింద పనిచేసే పిల్లల్లో సగం మందికి అది మొదటి ఉద్యోగం. ఫోన్ పెట్టేశాక ప్రసాదరావు గారు, "పదండి, మన ఊళ్లకే పోయి చూద్దాం," అన్నాడు. ఆయన అన్న మాటల్లో నాకు మొట్టమొదట నచ్చింది అదే.

కోదాడలో రేకుల కింద

మండు వేసవి. ముందు కోదాడ వెళ్లాం. ప్రసాదరావు గారి మేనల్లుడు కిరణ్ అక్కడ కంప్యూటర్ ఆటల సెంటర్ నడుపుతాడు. మేడ మీద రేకుల షెడ్డు. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే పొయ్యి ముందుకు వెళ్లినట్టుంది. ఫ్యాన్లు వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతున్నాయి. మా కార్డులున్న కంప్యూటర్ల ముందు కుర్రాళ్లు తల తిప్పకుండా ఆడుతున్నారు.

ఇక్కడ మా కార్డు తప్పకుండా ఆగుతుందని నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేడికే ఆగుతోందని తేలితే అంకె తగ్గించమని చెప్పి ఇంటికి పోవచ్చు. కార్డు ఆగలేదు. మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కింది, కుర్రాళ్లు మారారు, అయినా ఆగలేదు.

"పొద్దున్నుంచి నడుస్తూనే ఉంది మావయ్యా," అన్నాడు కిరణ్. "నేను ఉడికిపోతున్నా గానీ దానికి ఏం కావట్లా."

కార్డు ఎంత వేగంతో నడుస్తోందో చూపించే చిన్న పెట్టె తెర మూలన తెరిచి చూశాను. ఇరవై ఆరు వందల దగ్గరే కుదురుగా ఉంది.

"మీ మే నెల గది దీని ముందు ఎందుకూ పనికిరాదండీ," అన్నాడు ప్రసాదరావు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఇక్కడ పోని కార్డు ఇంకెక్కడ పోద్ది?"

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, అర్థం కానందుకు. మిర్యాలగూడ వెళ్లే దారిలో నేరేడుచర్లలో టీకి ఆగినప్పుడు ఆయన మెల్లగా, "మిర్యాలగూడ వాళ్లకి వాడటం రాదేమోనండీ. అలా రాసి పంపేద్దామా?" అన్నాడు.

"కండ్లతోటి చూడకుండ ఎవల మీద నింద రాయను," అన్నాను. ఆయన ఇంకో టీ చెప్పి ఆ మాట వదిలేశాడు.

మిర్యాలగూడలో కూలర్

మిర్యాలగూడలో మేము వెళ్లింది ధరావత్ రమేశ్ స్టూడియోకు. దామరచర్ల వైపు తండా నుంచి వచ్చి పెళ్లి వీడియోల్లో పేరు తెచ్చుకున్నవాడు. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో అన్నిటికంటే కోపంగా రాసింది అతనే. మేము వెళ్లేసరికి కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"నిన్న పెండ్లయింది మేడం. ఇయ్యాల పొద్దుమూకంగ రిసెప్షన్ల పెద్ద స్క్రీన్ మీద వీడియో ఏస్తనని పిల్ల నాయినకు మాటిచ్చిన. ఇదేమో గీడికి వచ్చి ఆగిపోతున్నది. మల్ల మొదటికెల్లి మొదలుపెట్టాలె. మస్తు పరేషాన్ అయితున్న."

"కరెంటు సరిగా రావట్లేదేమో," అన్నాడు ప్రసాదరావు గారు.

"కరెంటుకేమైంది సార్. పక్కకే దామరచర్లల కరెంటు పుట్టిస్తున్నరు. ఇన్వర్టర్ గూడ మంచిగనే ఉన్నది."

"మరి ఎండకు వేడెక్కుతుందేమో."

రమేశ్ లేచి పక్కకు జరిగాడు. "వేడెట్ల అయితది. గిది సూడున్రి."

అప్పుడు చూశాను. కంప్యూటర్ పక్క రేకు తీసేసి ఉంది. దానికి మూరెడు దూరంలో పెద్ద కూలర్, నిండా నీళ్లతో, గాలంతా సరిగ్గా మా కార్డు మీదికే కొడుతోంది. రమేశ్ చొక్కా మాత్రం చెమటకు తడిసిపోయి ఉంది.

"కూలర్ దానికే పెట్టిన. ఈడి స్టూడియోలోల్లమందరం గిట్లనే పెడ్తం. నేనెట్లనో అట్ల ఉంట," అన్నాడు.

కార్డు మీద చేయి వేసి చూశాను. కుండ మీద వేసినట్టు చల్లగా ఉంది. తెర మూలన అంకెల పెట్టె తెరిచి, పని మొదలుపెట్టమన్నాను. అతను వీడియో ముక్కలు అటూ ఇటూ జరుపుతుంటే కార్డుకు కాసేపు పని, కాసేపు విశ్రాంతి. అంకె ఇరవై ఆరు వందలు దాటింది, ఇరవై ఏడు వందలు దాటింది. ఇరవై ఎనిమిది వందలు దాటి ఇంకొంచెం పైకి పోయింది. తెర బిగుసుకుపోయింది.

"గదో," అన్నాడు రమేశ్.

అంతే, నాకు మొత్తం అర్థమైపోయింది. ఇది మీరు జాగ్రత్తగా చదవండి. డబ్బా మీద వేసే అంకె కార్డు గట్టి పనిలో నిలబెట్టుకునే వేగం. ఇప్పటి కార్డులు అక్కడే ఆగవు. చల్లగా ఉండి, పని తేలిగ్గా ఉంటే తమంతట తామే ఇంకా పైకెక్కుతాయి. వేడెక్కితే దిగివస్తాయి. మేము డబ్బా మీది అంకెకు వంద కలిపినప్పుడు మొత్తం నిచ్చెనే వంద పైకి జరిగింది. పై మెట్టు కూడా జరిగింది. నీరసమైన చిప్‌లు కాలు తప్పేది ఆ పై మెట్టు మీదే. మా మే నెల గదిలో, కిరణ్ రేకుల కింద వేడికి ఏ కార్డూ అంత పైకి ఎక్కనే లేదు. పాసయిందని మేము ముద్ర వేసిన కార్డు ఆ మెట్టును మా కళ్ల ముందు ఒక్కసారి కూడా తొక్కలేదు. ఎండకు భయపడి మేము కట్టుకున్న గదే మమ్మల్ని మోసం చేసింది.

"తమ్మీ, కూలర్ బంద్ చెయ్యి. పక్క రేకు గూడ బిగించు," అన్నాను.

"ఏంది మేడం, గీ ఎండల కూలర్ బంద్ చేసుడేంది?"

"జర ఒక్కసారి నా మాట విను."

నమ్మకం లేకుండానే ఆపేశాడు. గదిలో గాలి ఆడటం మానేసింది. ప్రసాదరావు గారు ఎవరిదో పాత శుభలేఖ తీసుకుని విసురుకోసాగాడు. కార్డు మెల్లగా వేడెక్కింది, అంకె మెల్లగా దిగింది. తలంబ్రాలు దాటాయి, అప్పగింతలు దాటాయి. ఎప్పుడూ ఆగే చోటుకు వచ్చినప్పుడు ముగ్గురం ఊపిరి బిగబట్టాం. వీడియో అక్కడ ఆగకుండా చివరిదాకా నడిచింది.

రమేశ్ ముందు ఆ వీడియో వేరే డిస్కులోకి ఎక్కించుకుని జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే నా వైపు చూశాడు. "ఇగ కూలర్ పెట్టొచ్చా?"

"పెట్టు. ఏమైతదో సూద్దాం."

పెట్టాడు. కార్డు చల్లబడింది, అంకె పైకి ఎగబాకింది, తెర బిగుసుకుంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కార్డు ఆగిపోతే అంత సంతోషపడ్డ ఇంజనీరును రమేశ్ అంతకుముందు చూసి ఉండడు.

"ఇదేం బుద్ధి మేడం దీనికి. సల్లగ సూసుకుంటె పంజెయ్యదా?" అన్నాడు.

మూత

హైదరాబాద్ రాగానే మే నెల గది ఆపేయించాను. ల్యాబ్‌లో ఏసీ పూర్తిగా పెంచి, కార్డులకు తేలికపాటి పనులు ఇస్తూ, ఆపుతూ, మళ్లీ ఇమ్మన్నాను. ఎండను గెలిచిన కార్డులు చలికి పిట్టల్లా రాలాయి. ఒక్కొక్కటి రాలుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. తప్పు దొరకడంలో ఉన్న ఆనందం ఈ పని చేసిన వాళ్లకే తెలుస్తుంది.

మీనన్ గారితో మాట్లాడేటప్పుడు ప్రసాదరావు గారు నా పక్కనే కూర్చున్నాడు. అంకె తగ్గించమంటానని ఆయన ముందే మనసు రాయి చేసుకున్నాడు.

"అయితే అంకె ఎంతకు తగ్గించాలి?" అని అడిగారు మీనన్ గారు.

"డబ్బా మీది అంకె తగ్గించక్కర్లేదు సార్. ఇరవై ఆరు వందలకు కోదాడ రేకుల కింద కూడా ఢోకా లేదు. డబ్బా మీద లేని అంకె ఒకటి పైన ఉంది. దానికి మూత పెట్టాలి. కార్డు తనంతట తాను ఎక్కే చోట ఒక హద్దు పెడితే చాలు. అమ్మిన కార్డులకు కూడా చిన్న ప్రోగ్రామ్ పంపి సరిచేయవచ్చు."

ప్రసాదరావు గారు నా వైపు తిరిగి చూసిన చూపు నాకు ఏ అవార్డూ ఇవ్వని తృప్తినిచ్చింది. ఆయన అంకె ఆయనకు దక్కింది, నా కార్డు నాకు దక్కింది.

"సరే, అలాగే చేయండి," అన్నారు మీనన్ గారు. "ల్యాబ్ సంగతి ఒక ఏడాది ఫిర్యాదులు చూశాక చెబుతాను."

ఆ ఏడాదిలో పిల్లలకు నేను రోజూ చెప్పినవే మీకూ చెబుతున్నాను. మీ పరీక్షలో కార్డు పాసయిందంటే, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందని మాత్రమే అర్థం. మీరు అడగని ప్రశ్నలను కొన్నవాళ్లు అడుగుతారు. వాళ్ల గదిలోకి వెళ్లి కూర్చోండి, ఫోన్‌లో అడిగి తెలుసుకున్నామని అనుకోవద్దు. రమేశ్ తన ఫిర్యాదులో కూలర్ గురించి రాయనేలేదు, అది రాయాల్సిన సంగతని అతనికెందుకు తోస్తుంది? అన్నిటికంటే ముఖ్యంగా, మీకు ఎక్కువ గర్వంగా అనిపించే పరీక్షనే ఎక్కువ అనుమానించండి.

శ్రావణం పెళ్లిళ్లు గడిచాయి, మాఘం పెళ్లిళ్లు గడిచాయి. ఫ్యాన్ చప్పుడు చేస్తోందని, తీగ పొట్టిగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. తెర బిగుసుకుందని మాత్రం మిర్యాలగూడ నుంచి ఒక్కటీ రాలేదు. మళ్లీ ఎండలు ముదిరిన రోజుల్లో మీనన్ గారు ఫోన్ చేశారు. ల్యాబ్ ఉంటుందని ఒక్క ముక్కలో చెప్పారు. ఇకపై ప్రతి కొత్త కార్డుకూ చలి పరీక్ష పెట్టాలని, అది మా ల్యాబే చేయాలని, ఇంకొందరు పిల్లలను తీసుకోమని కూడా చెప్పారు. ఆ పరీక్షకు పేరేం పెడదామని అడిగారు.

"మిర్యాలగూడ," అన్నాను. ఇప్పుడు మా కంపెనీ ల్యాబ్‌లు ఏ దేశంలో ఉన్నా, కార్డు మిర్యాలగూడ పాసయ్యే వరకు డబ్బాలోకి వెళ్లదు.

ఆ ఆదివారం నేను, ప్రసాదరావు గారు స్వీటు డబ్బా పట్టుకుని రమేశ్ దగ్గరికి వెళ్లాం. స్టూడియో నిండా పని. వరసగా పెళ్లిళ్లట. నన్ను చూడగానే అతను గబగబా లేచి కూలర్ స్విచ్ మీద చేయి వేశాడు.

"వద్దు," అన్నాను.

"బంద్ చెయ్యొద్దా మేడం?"

"వద్దు. ఇంకా దగ్గరికి జరుపు."

కూలర్‌ను కార్డుకు ఆనేంత దగ్గరగా జరిపాడు. గాలి జోరుగా కొడుతోంది. తెర మీద పెళ్లి నడుస్తూనే ఉంది. అది అయిపోయేదాకా మేము ముగ్గురం హాయిగా చెమట కారుస్తూ, స్వీట్లు తింటూ చూశాం.